160 ఎకరాల పట్టా: అమెరికా పశ్చిమ విస్తరణలో ‘ఉచిత భూమి’ ఎక్కడి నుంచి వచ్చింది?

1868 జనవరిలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఇద్దరు సాక్షులు ఒక కాగితం మీద సంతకాలు చేశారు. డేనియల్ ఫ్రీమన్ అనే రైతు తన భూమిలో నిజంగానే కాపురం ఉంటున్నాడని, 14 అడుగుల వెడల్పు 20 అడుగుల పొడవుతో ఇల్లు కట్టుకున్నాడని, ఆ ఇంటికి రెండు తలుపులు, రెండు కిటికీలు, పలకల నేల ఉన్నాయని వారు ధ్రువీకరించారు. సుమారు 35 ఎకరాలు దున్ని సాగుచేశాడని, పశువుల కొట్టం, 100 అడుగుల పొడవున్న గొర్రెల పాక, మొక్కజొన్న గాదె కట్టాడని, 40 ఆపిల్ మొక్కలు, దాదాపు 400 పీచ్ మొక్కలు నాటాడని కూడా అందులో రాశారు. ఈ సాక్ష్యం ఆధారంగా అమెరికా ప్రభుత్వం అతనికి 160 ఎకరాలకు పట్టా ఇచ్చింది. ఐదేళ్లు కాపురం ఉండి సాగుచేసినవారికి ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద మొట్టమొదటి దరఖాస్తుదారుగా చరిత్రలో నిలిచిన పేరు అతనిదే.

‘ఒకప్పుడు అమెరికాలో అడిగినవారికల్లా ప్రభుత్వం ఉచితంగా భూమి ఇచ్చేది’ అన్న మాట తెలుగు పాఠకుల్లో చాలామంది ఏదో ఒక సందర్భంలో వినే ఉంటారు. ‘అదంతా దోచుకున్న భూమి’ అన్న మాట కూడా అంతే గట్టిగా వినిపిస్తుంది. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే ఒక్కో మాట భూమి ప్రయాణంలో ఒక్కో దశను మాత్రమే చూస్తోంది. ఫ్రీమన్ చేతికి పట్టా రావడానికి ముందు అదే నేల మీద ఒక దేశం మరో దేశానికి హక్కులు అమ్మింది, ఒక తెగ ఒప్పందం మీద సంతకం చేసింది, సర్వేయర్లు వచ్చి గొలుసు లాగి రాళ్లు పాతారు. ఈ దశలను వరుసగా చూస్తే తప్ప ‘ఉచితం’ అన్న మాటకు అర్థం తేలదు.

ముందుగా తేల్చుకోవలసిన నాలుగు మాటలు

హోమ్‌స్టెడ్ అంటే ఇల్లూ వాకిలీ సాగుభూమీ కలిసిన ఒక కుటుంబ నివాసక్షేత్రం. 1862 నాటి చట్టంలో ఈ మాటకు 160 ఎకరాల పరిమితి వచ్చి చేరింది. పబ్లిక్ డొమెయిన్ అంటే ఫెడరల్ ప్రభుత్వం తన అధీనంలో ఉంచుకుని, అమ్మడానికో పంచడానికో సిద్ధంగా పెట్టుకున్న భూమి. మన బంజరు భూమి అన్న మాట దీనికి దగ్గరగా వస్తుంది గానీ, బంజరు అనగానే ఎవరూ వాడుకోని నేల అన్న ధ్వని వస్తుంది కనుక ఇక్కడ ఆ మాట వాడటం సరికాదు. పేటెంట్ అంటే ఈ సందర్భంలో కొత్త ఆవిష్కరణ మీద హక్కు కాదు, ప్రభుత్వం మొదటిసారిగా ఒక వ్యక్తికి రాసి ఇచ్చే భూమి హక్కుపత్రం. ఈ వ్యాసంలో దాన్ని పట్టా అనే అంటాను. ఇక ఫ్రాంటియర్ అంటే వలసవచ్చినవారి జనావాసం ముగిసే అంచు. ఆ అంచుకు అవతల మనుషులు లేరని దాని అర్థం కాదు. జనాభా లెక్కల్లో చేరని మనుషులు అక్కడ ఉన్నారు.

ప్రభుత్వానికి భూమి ఎలా వచ్చింది?

1803లో అమెరికా ఫ్రాన్స్‌కు ఒకటిన్నర కోట్ల డాలర్లు చెల్లించి లూసియానా ప్రాంతాన్ని కొన్నదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మిసిసిపీ నది నుంచి రాకీ పర్వతాల దాకా పరుచుకున్న ఆ విస్తారమైన నేలలో నేటి నెబ్రాస్కా కూడా ఉంది. కానీ ఫ్రాన్స్ ఆ నేలలో అత్యధిక భాగాన్ని ఎన్నడూ పాలించలేదు. అక్కడ ఓటో, మిస్సోరియా, పానీ, లకోటా, ఒసేజ్ వంటి అనేక తెగలు జీవిస్తున్నాయి. మరి అమెరికా కొన్నది ఏమిటి? ఇతర యూరోపియన్ దేశాలేవీ వేలు పెట్టకుండా, ఆ తెగల దగ్గర భూమిని తాను మాత్రమే తీసుకోగలిగే హక్కును అది కొన్నది.

ఈ హక్కుకు న్యాయరూపం 1823లో వచ్చింది. జాన్సన్ వర్సెస్ మెకింటాష్ కేసులో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ రాసిన తీర్పు ప్రకారం, ఒక ప్రాంతాన్ని ‘కనుగొన్న’ యూరోపియన్ దేశానికీ దాని వారసులకూ అంతిమ హక్కు దక్కుతుంది. తెగలకు ఆ నేల మీద నివసించే హక్కు ఉంటుంది గానీ దాన్ని ప్రైవేటు వ్యక్తులకు అమ్మే హక్కు ఉండదు. కొనేవారు ఒక్కరే ఉన్న సంతలో ధర ఎవరు నిర్ణయిస్తారో రైతు కుటుంబాలకు విడమరచి చెప్పనక్కరలేదు. తెగ అమ్మదలచుకున్నా, అమ్మక తప్పని స్థితిలో ఉన్నా, ఎదురుగా కూర్చునేది ఫెడరల్ ప్రభుత్వం ఒక్కటే.

ఓటో-మిస్సోరియా తెగ విషయంలో జరిగింది ఇదే. 1854 మార్చిలో కుదిరిన ఒప్పందంలో వారు నెబ్రాస్కాలో తమకు మిగిలిన భూమిలో అత్యధిక భాగాన్ని వదులుకుని, బిగ్ బ్లూ నది వెంట 10 మైళ్ల వెడల్పు, 25 మైళ్ల పొడవు ఉన్న రిజర్వేషన్‌కు, అంటే తెగ కోసం ప్రత్యేకించిన భూభాగానికి, పరిమితమయ్యారు. రెండు నెలలకే, మే 30న, కాన్సాస్-నెబ్రాస్కా చట్టం వచ్చి ఆ ప్రాంతాన్ని వలసదారులకు తెరిచింది. ఫ్రీమన్ భూమి ఉన్న బియాట్రిస్ ఊరు ఆ రిజర్వేషన్‌కు కొద్ది దూరంలోనే ఉంటుంది. 1881లో తెగను అక్కడి నుంచి కూడా కదిలించి నేటి ఓక్లహోమాకు పంపారు.

అన్ని చోట్లా ఇలా ఒప్పందం ముందు, పట్టా తర్వాత అన్న క్రమం కూడా లేదు. మిన్నెసోటాలో 1851 ఒప్పందాల్లో భూమి ఇచ్చేసిన డకోటా ప్రజలకు రావలసిన వార్షిక చెల్లింపులు 1862 వేసవిలో ఆలస్యమయ్యాయి, ఆకలి పెరిగింది, ఆగస్టులో యుద్ధం మొదలైంది. వారాల వ్యవధిలో అది అణచివేతతో ముగిసింది. సైనిక విచారణలో 303 మందికి మరణశిక్ష పడగా, అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఒక్కొక్కరి రికార్డును పరిశీలింపజేసి చాలామందికి శిక్ష తప్పించాడు. అయినా డిసెంబరు 26న మాంకేటో పట్టణంలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. మరుసటి ఏడాది డకోటాలతో ఉన్న ఒప్పందాలను కాంగ్రెస్ రద్దుచేసింది. ఆ ఉరికీ, హోమ్‌స్టెడ్ చట్టం అమలులోకి వచ్చిన 1863 జనవరి 1కీ మధ్య ఉన్నది ఆరు రోజులు. రెండు కాగితాల మీదా ఉన్నది ఒకే అధ్యక్షుడి సంతకం.

గొలుసుతో గీసిన గళ్లు

ఒప్పందం అయ్యాక సర్వేయర్లు వచ్చేవారు. 1785 నాటి భూమి ఆర్డినెన్స్ ప్రకారం దేశాన్ని ఆరు మైళ్ల చదరపు టౌన్‌షిప్పులుగా, ఒక్కో టౌన్‌షిప్పును 36 సెక్షన్లుగా విభజించారు. ఒక సెక్షన్ అంటే చదరపు మైలు, 640 ఎకరాలు. దానిలో నాలుగో వంతు 160 ఎకరాలు. అందులో మళ్లీ నాలుగో వంతు 40 ఎకరాలు. చట్టంలోని 160 అన్న సంఖ్య ఒక కుటుంబానికి ఎంత భూమి చాలునో లెక్కకట్టగా వచ్చింది కాదు. గళ్ల కాగితం మీద తేలిగ్గా కుదిరిన సంఖ్య అది.

సర్వేయర్ల చేతిలో ఉన్నది 66 అడుగుల గంటర్ గొలుసు. మైలుకు 80 గొలుసులు, ఎకరానికి 10 చదరపు గొలుసులు. ఇంగ్లండులో పుట్టిన ఈ కొలత బ్రిటిష్ పాలనతో మన పొలాల్లోకీ వచ్చింది. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు అని లెక్కపెడతాం కదా, ఆ గుంట 33 అడుగుల చదరం, అంటే సరిగ్గా సగం గొలుసు. ఫ్రీమన్‌కు దక్కింది 26వ సెక్షన్‌లో ఒకదానినొకటి ఆనుకుని ఉన్న నాలుగు 40 ఎకరాల ముక్కలు. అవి కలిసి సరైన చదరంగా కూడా ఉండవు. నీరు, కలప దొరికే వాగు పారే ముక్కలు కలిసివచ్చేలా దరఖాస్తు పెట్టుకోవడం ఆనాటి తెలివైన రైతులు చేసిన పనే.

ఆ గళ్లన్నీ హోమ్‌స్టెడ్ కోసమే కాదు. 16వ సెక్షన్‌ను పాఠశాలల కోసం ఆపి ఉంచేవారు. 1862 జూలై 1న వచ్చిన పసిఫిక్ రైల్వే చట్టం, తర్వాతి చట్టాలు రైలుమార్గానికి ఇరువైపులా బేసి సంఖ్యల సెక్షన్లను కంపెనీలకు ఇచ్చాయి. ఇలా రైల్వేలకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన భూమి సుమారు 13 కోట్ల ఎకరాలు. వాటి మధ్య ఉండే సరి సంఖ్యల సెక్షన్లలో 1879 వరకు సాధారణ రైతుకు 160 కాక 80 ఎకరాలే ఇచ్చేవారు. అంటే సరుకు సంతకు చేర్చడానికి వీలున్న చోట భూమి తక్కువగా, రైలు కూత కూడా వినపడని చోట ఎక్కువగా దొరికేది.

ఈ చట్టం 1862లోనే ఎందుకు?

ఇలాంటి చట్టం కావాలన్న డిమాండ్ అంతకు ముందు దశాబ్దాలుగా ఉంది. అడ్డుపడింది ప్రధానంగా దక్షిణాది రాష్ట్రాలు. చిన్న కమతాల రైతులతో పశ్చిమం నిండితే అక్కడ ఏర్పడే రాష్ట్రాలు బానిసత్వాన్ని ఒప్పుకోవని, కాంగ్రెస్‌లో తమ బలం తగ్గుతుందని వారి భయం. చవకగా కూలీలు దొరకరేమోనని ఉత్తరాది ఫ్యాక్టరీ యజమానుల్లో కొందరికీ జంకు ఉండేది. 1860లో కాంగ్రెస్ ఆమోదించిన బిల్లును అధ్యక్షుడు జేమ్స్ బుకానన్ వీటో చేశాడు. ఆపై దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయి అంతర్యుద్ధం మొదలవడంతో సభలో ఆ అడ్డు తొలగింది. 1862 మే 20న లింకన్ సంతకం చేశాడు. అమెరికాపై ఆయుధం పట్టనివారే అర్హులన్న షరతు అందులోకి వచ్చింది అందుకే.

18 డాలర్ల లెక్క, దాని వెనుక అసలు ఖర్చు

చట్టం చదివితే సులువుగానే కనిపిస్తుంది. 21 ఏళ్లు నిండినవారు, లేదా కుటుంబ పెద్దలు, పౌరులైనా పౌరులు కాబోతున్నామని ప్రకటించినవారైనా దరఖాస్తు చేయవచ్చు. మొదట 12 డాలర్లు, చివర 6 డాలర్లు, మొత్తం 18. మధ్యలో ఐదేళ్ల నివాసం, సాగు. వేచి ఉండలేనివారు ఆరు నెలల తర్వాత ఎకరానికి ఒకటింబావు డాలరు చొప్పున, అంటే 160 ఎకరాలకు 200 డాలర్లు కట్టి వెంటనే పట్టా తీసుకోవచ్చు.

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. 1880ల మొదట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు నెబ్రాస్కా మధ్యభాగంలోని కస్టర్ కౌంటీకి వచ్చారనుకోండి. ఫీజు కట్టారు. ఇప్పుడు బండి, జత ఎద్దులు, నాగలి, విత్తనం, బావి తవ్వకం, మొదటి పంట చేతికి వచ్చేదాకా తిండి కావాలి. వీటికి వందల డాలర్లు అవుతాయి. అంత డబ్బు లేకపోతే మగవాడు రైలుమార్గం పనికో, ఇంకొకరి కోతలకో కూలికి వెళ్లాలి. అతను లేని నెలల్లో ఇంట్లో మనిషి ఉండాలన్న షరతును భార్యా పిల్లలు నెరవేర్చాలి. ఐదేళ్ల నివాసం అన్న ఒక్క మాటలో ఎక్కువగా ఇమిడి ఉన్నది ఒంటరిగా ఇల్లు కాచుకున్న ఆ స్త్రీల కాలమే అనిపిస్తుంది నాకు.

అక్కడ చెట్లు లేవు, కనుక ఇల్లు నేలతోనే కట్టాలి. ప్రెయిరీ అనే ఆ గడ్డిమైదానాల్లో గడ్డి వేళ్లు వందల ఏళ్లుగా అల్లుకుని బిగిసిన మట్టిని ప్రత్యేకమైన నాగలితో పట్టీలుగా కోసి, గడ్డిపెళ్లలుగా నరికి, గడ్డి వైపు కిందికి ఉండేలా ఇటుకల్లా పేర్చేవారు. ఒక మోస్తరు ఇంటికి అర ఎకరం నేల మీది మట్టి పట్టేది. గోడలు మందంగా ఉండటంతో ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉండేది. వాన కురిస్తే మాత్రం పైకప్పు బయట ఆగిన తర్వాత కూడా లోపల కారుతూనే ఉండేది. కూరకుండలో మట్టి, పురుగు, ఒక్కోసారి పాము పిల్ల పడకుండా కప్పు కింద మస్లిన్ గుడ్డ కట్టేవారు. కట్టెలు లేవు కనుక పొయ్యిలోకి అడవిదున్నల పేడ ఎండినది, తర్వాత్తర్వాత పశువుల పేడ, ఏరుకొచ్చుకునేవారు. మన పల్లెల్లో ఏరుపిడకలు అనేది సరిగ్గా దీన్నే. 1886 నుంచి సాలమన్ బుచర్ అనే ఫోటోగ్రాఫర్ ఈ కస్టర్ కౌంటీలోనే తిరుగుతూ మట్టి ఇళ్ల ముందు కుటుంబాలను నిలబెట్టి తీసిన చిత్రాల్లో, వారు తమకున్న విలువైనవన్నీ వాకిట్లోకి తెచ్చి పెట్టుకోవడం కనిపిస్తుంది.

ఇక ప్రకృతి. 1874లో రాకీ మౌంటెన్ మిడతల దండు కాన్సాస్, నెబ్రాస్కా పంటలను నేలమట్టం చేసింది. 1888 జనవరి 12న వెచ్చగా మొదలైన పగటిపూట హఠాత్తుగా విరుచుకుపడిన మంచు తుపానులో చాలామంది చనిపోయారు. బడి నుంచి ఇంటికి బయలుదేరిన పిల్లలు వారిలో ఎందరో ఉన్నారు.

160 ఎకరాలు సరిపోయాయా?

తూర్పున, వర్షం బాగా పడే అయోవా వంటి చోట్ల 160 ఎకరాలు ఒక కుటుంబానికి ఎక్కువే. పశ్చిమానికి పోయేకొద్దీ లెక్క తారుమారవుతుంది. సుమారు 100వ రేఖాంశం దాటితే వార్షిక వర్షపాతం 20 అంగుళాల లోపుకు పడిపోతుంది. మన అనంతపురం సగటు వర్షపాతం దానికంటే కాస్త ఎక్కువ అంటే పరిస్థితి అర్థమవుతుంది. అక్కడ నీటి వసతి లేకుండా పంట నమ్మకం కాదని, పశువుల మేపుకు ఒక కుటుంబానికి 2,560 ఎకరాలు కావాలని, నీరు పారే చోట 80 ఎకరాలు చాలునని జాన్ వెస్లీ పావెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1878లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. గళ్ల ప్రకారం కాక వాగులూ వంకల ప్రకారం భూమిని పంచాలన్నది అతని ఆలోచన. కాంగ్రెస్ వినలేదు. ‘నాగలి వెంట వాన వస్తుంది’ అన్న ప్రచారం అప్పట్లో జోరుగా సాగుతోంది. 1880ల్లో వరుసగా వానలు బాగా పడటంతో జనం నమ్మారు కూడా. 1890ల కరువు వచ్చాక పశ్చిమ కాన్సాస్, నెబ్రాస్కాల నుంచి వేల కుటుంబాలు బండ్లు కట్టుకుని వెనుదిరిగాయి. పరిమితిని మెట్ట ప్రాంతాల్లో 320 ఎకరాలకు పెంచింది 1909లో, మేత భూములకు 640 ఎకరాలు చేసింది 1916లో.

ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు?

ఒంటరి స్త్రీలు, వితంతువులు సొంత పేరుతో దరఖాస్తు చేయగలిగారు. ఓటు హక్కు కూడా లేని కాలంలో ఇది చిన్న విషయం కాదు. భర్త ఉన్న స్త్రీకి మాత్రం కుటుంబ పెద్ద కాదన్న కారణంతో ఆ అవకాశం లేదు. అంతర్యుద్ధం తర్వాత పౌరసత్వం పొందిన నల్లజాతివారు కూడా అర్హులయ్యారు. 1877లో కాన్సాస్‌లో నికోడెమస్ అనే ఊరు వారి చేతుల మీదుగానే వెలిసింది.

ఆసియావారి విషయం వేరు. దరఖాస్తుకు పౌరసత్వం గానీ, పౌరులయ్యే అర్హత గానీ ఉండాలి. ఆ అర్హతను చట్టం మొదట తెల్లవారికి, 1870లో ఆఫ్రికా సంతతివారికి ఇచ్చి అక్కడితో ఆగింది. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ వద్ద రెండు తీరాలను కలిపిన రైలుమార్గంలో పశ్చిమ భాగాన్ని కొండలు తొలిచి వేసిన వేలాది చైనా కార్మికులకు, ఆ దారి తెరిచిన భూమిలో ఒక్క ఎకరం అడిగే వీలు లేకపోయింది. భారతీయులు కూడా ఆ అర్హతలోకి రారని 1923లో పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో చట్టం మారేదాకా అదే పరిస్థితి.

చరిత్రకారులు ఎక్కడ విభేదిస్తున్నారు?

మొత్తం మీద ఈ చట్టం కింద సుమారు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు ఇచ్చారు. ఇది దేశ విస్తీర్ణంలో దాదాపు పదో వంతు. 1893లో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే చరిత్రకారుడు, అందుబాటులో ఉన్న ఈ భూమే అమెరికన్ ప్రజాస్వామ్యాన్ని మలిచిందని వాదించాడు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి పరిశోధకుల దృష్టి వైఫల్యాల మీదికి మళ్లింది. దరఖాస్తుదారుల్లో సగానికి పైగా పట్టా దాకా రాలేదని, పశువుల కంపెనీలూ కలప కంపెనీలూ బినామీల చేత దరఖాస్తులు పెట్టించి 200 డాలర్ల వెసులుబాటుతో భూములు కాజేశాయని వారు చూపారు. ఇటీవలి కాలంలో నెబ్రాస్కా రికార్డులను ఒక్కొక్క దరఖాస్తుగా పరిశీలించినవారు ఆ వాదనను సవరించారు. అక్కడ మోసం అనుకున్నంత ఎక్కువ కాదని, పట్టా దాకా నిలిచినవారే ఎక్కువని, ఇరుగుపొరుగే సాక్షులు కనుక దొంగ దరఖాస్తు దాగడం కష్టమని అంటున్నారు. నాకు ఈ సవరణ సబబుగానే తోస్తుంది, కాకపోతే వాగులున్న నెబ్రాస్కా లెక్కను అడవులూ మేతభూములూ ఉన్న రాష్ట్రాలకు అతికించలేం.

తెగల భూమి విషయంలోనూ ప్రాంతాన్ని బట్టి తేడా ఉంది. తూర్పు నెబ్రాస్కాలో హోమ్‌స్టెడ్ రైతు వచ్చేనాటికే ఒప్పందాలు ముగిశాయి. ఉత్తర, దక్షిణ డకోటా ప్రాంతాల్లో, ఓక్లహోమాలో మాత్రం భూమి కావాలన్న రైతుల ఒత్తిడే తెగలను కదిలించింది. దీనికి సాధనమైంది 1887 నాటి డాస్ చట్టం. ఉమ్మడిగా ఉన్న రిజర్వేషన్ భూమిని కుటుంబ పెద్దకు 160 ఎకరాల చొప్పున పంచి, మిగిలినదాన్ని ‘మిగులు’గా ప్రకటించి బయటివారికి తెరిచారు. 160 అన్న సంఖ్య రైతుకు వరంగా వచ్చిన చోటే తెగకు పరిమితిగా వచ్చింది. 1887లో తెగల చేతిలో ఉన్న 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకు తగ్గాయి.

బియాట్రిస్ దగ్గరి నేల దగ్గరికి మళ్లీ వస్తే, ఫ్రీమన్ పొలం ఇప్పుడు ఫెడరల్ ప్రభుత్వ సంరక్షణలో చారిత్రక ఉద్యానంగా ఉంది. ఓక్లహోమా చేరిన ఓటో-మిస్సోరియా తెగ, 1946లో ఏర్పడిన ఇండియన్ క్లెయిమ్స్ కమిషన్ ముందు తన పాత భూముల గురించి దావా వేసింది. కాగితం లేకపోయినా తరతరాలుగా నివసించిన హక్కుకు కూడా పరిహారం చెల్లించవలసిందేనని 1955లో కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్ ఆ కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కమిషన్‌కు డబ్బు ఇప్పించే అధికారమే ఉండేది, భూమి తిరిగి ఇప్పించే అధికారం ఉండేది కాదు.